పదకొండు మంది పిల్లలకు నా సంతకం

2024 జూలై 9, మంగళవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. మనుమరాలికి బడి జడలు వేస్తున్నాను. కుడివైపు పాయలు తీస్తుంటే చెవి కింద, మెడ పక్కన, వేలికి శనగ గింజంత గడ్డ తగిలింది. నొక్కితే అటూ ఇటూ కదిలింది.

"నొస్తుందా?" అన్నాను.

"నొస్తలే. జల్ది కానియ్యి బాపమ్మా, ఆటో వస్తది," అంది.

అప్పుడు ఆ పిల్లకు పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. ఇందులో ఆమెను సహస్ర అంటాను. అది అసలు పేరు కాదు, ఆమె ఎంచుకున్న పేరు. మిగతా పేర్లు కూడా మార్చాను. మేముండేది గోదావరి పక్క బొగ్గు గనుల కాలనీల్లో ఒకదానిలో. ఏ కాలనీ అన్నది రాయను. ఎందుకు రాయనో చదువుతుంటే తెలుస్తుంది.

నాకు డెబ్బై ఒకటి. నా భర్త గనిలో పోయాక ఆ కొలువు నాకిచ్చి మస్టర్ గదిలో కూర్చోబెట్టారు. గనిలోకి దిగేవాళ్ళ హాజరు రాసే గది అది. ఇరవై నాలుగేళ్ళు అక్కడ పనిచేశాను. దిగిన ప్రతి మనిషికీ పైకి వచ్చిన గంట ఉండాలి. ఒక పేరు తగ్గితే లోపల ఒక ప్రాణం ఉన్నట్టు లెక్క. అందుకే తేదీ, గంట రాసుకోకుండా నాకు ఏ పనీ తోచదు.

జూలై నుంచి సెప్టెంబర్ పదిహేను దాకా

నా కొడుకు తిరుపతిది గనిలో షిఫ్టు ఉద్యోగం. కోడలు స్వరూప జూన్ 30న బోథ్ వెళ్ళింది. వాళ్ళ అమ్మ వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. స్వరూప ఒక్కతే బిడ్డ, ఆమె తప్ప చూసేవాళ్ళు లేరు. ఇల్లూ పిల్లా నా చేతిలో పడ్డాయి.

కాలనీ దవాఖానలో ఐదు రోజులకు గోలీలిచ్చి, తగ్గకపోతే రెండు వారాలకు రమ్మన్నారు. నేను ప్రతి ఆదివారం గడ్డ మీద దారం పెట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పరిచి కొలిచాను. జూలై 14న ఎనిమిది మిల్లీమీటర్లు. 21న ఏడు. ఒక మిల్లీమీటరు తగ్గిందన్న ధైర్యంతో మళ్ళీ తీసుకుపోలేదు. ఆగస్టు 4న తొమ్మిది, 25న పన్నెండు. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. అన్నం సగంలో వదిలేసేది. వయసు పిల్ల, చెమట ఎక్కువ అనుకున్నాను. కొలవడం తెలుసు గానీ, కొలిచినదాన్ని ఒప్పుకోవడం అప్పటికి నాకు తెలియదు.

స్వరూప రోజూ ఫోన్ చేసేది. ఆగస్టులో ఒకసారి వచ్చి రెండు రోజులు ఉండి వెళ్ళింది. ఆ రెండు రోజులు సహస్ర జుట్టు విప్పుకునే తిరిగింది. నేనూ చెప్పలేదు. తిరుపతి కూడా, "అక్కడ ఆమె పరేషాన్ ఆమెకున్నది. గడ్డే గదా అవ్వా, పోతది," అన్నాడు. తల్లికి చెప్పకుండా దాచిన ఆ డెబ్బై రోజులకు పైబడిన కాలం నా ఖాతాలో మొదటి తప్పు.

సెప్టెంబర్ 16, సోమవారం

రెండో తప్పు ఆ సాయంత్రం ఆరు గంటలకు మా అరుగు మీద జరిగింది.

బుధవారం బడిలో వైద్య పరీక్షల శిబిరం. పిల్లల సంచుల్లో ఒప్పుదల ఫారాలు పంపారు. మా సందులో ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. బ్యాంకుదైనా, రేషన్‌దైనా, బడిదైనా. ఆ రోజు సహస్రతో కలిపి పదకొండు మంది పిల్లలు వరసగా వచ్చారు. తండ్రులు కొందరు గనిలో, కొందరు నిద్రలో. తల్లులు వంటల దగ్గర. "బాపమ్మా, అమ్మ నిన్నే పెట్టుమన్నది," అని ఒకరి తర్వాత ఒకరు.

నాకు అందులో వింతేమీ కనిపించలేదు. మస్టర్ గదిలో దిగే తొందరలో మనిషి కిటికీ దగ్గర తన నంబర్ అరిచి పరుగెత్తేవాడు. నేను అతని పేరు ఎదుట గుర్తు పెట్టి, పక్కన నా పొట్టి సంతకం చేసేదాన్ని. షిఫ్టు అయ్యాక పైకి వచ్చి తన సంతకం చేసేవాడు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కడు కూడా నేను ఎక్కించిన పేరు తనది కాదనలేదు. కిందికి దిగినవాడి తరఫున పైనున్నవాళ్ళు సంతకం పెట్టడం మా దగ్గర దొంగతనం కాదు, నమ్మకం.

ఫారం కింద "తల్లి / తండ్రి / సంరక్షకులు" అని ఉంది. మొదటి రెండు కొట్టేసి, సంతకం చేసి, తేదీ వేశాను. పుట్టిన తేదీలు, బరువులు, పాత జబ్బులు అన్నీ అడిగి తప్పు లేకుండా నింపాను. పదకొండు ఫారాలకు నలభై నిమిషాలు పట్టింది. వెనక పేజీ తిప్పలేదు.

సెప్టెంబర్ 20, శుక్రవారం

సాయంత్రం నాలుగూ ముప్పై ఐదుకు నలభై ఇద్దరున్న ఎనిమిదో తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. శిబిరం వాళ్ళు బడికి ఇచ్చిన జాబితా. పేరు, ఎత్తు, బరువు, చివరి గడిలో డాక్టరు మాట. క్లాస్ టీచర్ కింద, "వీరి తల్లిదండ్రులు వెంటనే శ్రద్ధ తీసుకోవాలి," అని రాసి చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. మంచికే పెట్టింది. ఆ మాట నేను ఈనాటికీ అంటాను.

సహస్ర పేరు ఎదుట "మెడ గడ్డ, టీబీ అనుమానం" అని ఉంది. మూడు పేర్ల కింద అక్షిత. మా ఎదురింటి పద్మ బిడ్డ. సహస్ర, అక్షిత మూడో తరగతి నుంచి ఒకే బెంచి. అక్షిత ఎదుట "పక్క తడుపుతుంది" అని ఉంది.

నాలుగూ యాభైకి బోథ్ నుంచి ఫోన్.

"అత్తా, నా బిడ్డ మెడకు గడ్డ ఉన్నదని నాకు నలభై ఇద్దరితోని కలిసి తెల్వాల్నా?"

"ఫికర్ పెట్టుకుంటవని చెప్పలే బిడ్డా."

"ఫికర్ నాది. నా ఫికర్‌ను నువ్వెందుకు దాసిపెట్టినవ్?"

తెల్లారి మొదటి బస్సుకు ఆమె బయలుదేరింది. వాళ్ళ అమ్మను చూసుకోవడానికి పక్కింటామెను బతిమాలి వచ్చింది.

శనివారం సహస్ర బడి నుంచి వచ్చి సంచి గుమ్మంలోనే వదిలేసింది. బెంచి మీద పక్కన ఎవరూ కూర్చోలేదట. ఒకమ్మాయి తన నీళ్ళ సీసా దూరంగా జరుపుకుందట. అక్షిత బెంచి మీద ఎవరో చాక్‌పీస్‌తో తడిసిన దుప్పటి బొమ్మ గీశారట. అక్షిత ఆ పూట మధ్యలోనే ఇంటికి వచ్చేసింది. సహస్రను పిలవలేదు.

ఆదివారం పొద్దున పద్మ మా వాకిట్లో నిలబడింది.

"రాజవ్వా, బయటికి రా. నీ లెక్క మంచిదని నా బిడ్డ కాగితం నీ చేతుల పెట్టిన. ఊరంతా డప్పు కొట్టుమని పెట్టిన్నా?"

"నేను కొట్టలే పద్మా. బడోళ్ళు పెట్టిండ్రు."

"బడోళ్ళకు సంతకం ఎవలిచ్చిండ్రు? నేనిచ్చిన్నా, దాని బాపు ఇచ్చిండా? గా సంగతి నేను నా తోడబుట్టిన అక్కకు సుత చెప్పలే. డాక్టరమ్మ మెల్లగ అడిగితే పొల్ల నిజం చెప్పింది. నిజం చెప్పినందుకు గిదా బహుమానం?"

సందులో తలుపులు తెరుచుకున్నాయి. నేను మెట్లు దిగి ఆమె ఎదుట నిలబడ్డాను. తప్పు నాదేనన్నాను. "నీదేనని నాకెర్కే. నువ్వు చెప్పుడెందుకు," అని వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 23 నుంచి 26

సోమవారం ఎనిమిదిన్నరకు బడి నుంచి ఫోన్. డాక్టరు చీటీ తెచ్చేదాకా సహస్రను పంపవద్దని. పదిన్నరకు నేను ప్రిన్సిపాల్ గదిలో ఉన్నాను.

"మేడం, మా తప్పేమున్నది? జర ఫారం వెనక్కి తిప్పుండ్రి," అని సహస్ర ఫారమే నా ముందు పెట్టాడు.

తిప్పాను. చిన్న అక్షరాల్లో నాలుగు వరసలు. మూడోది, పరీక్షల ఫలితాలను పాఠశాలకు తెలియజేయడానికి సమ్మతిస్తున్నాను అని. ముందు వైపు నా సంతకం దీనికి కూడా చెల్లుతుందని కింద రాసి ఉంది. రెండుసార్లు చదివాను.

"బడికి చెప్పుమని ఉన్నది సారూ. నలభై ఇద్దరికి చెప్పుమని ఏ వరుసల ఉన్నది, నాకు సూపెట్టు."

ఆయన ఫారం తన వైపు తిప్పుకుని, "మీరు పదకొండు మంది పిల్లలకు సంరక్షకులు ఎట్లయితరు మేడం?" అన్నాడు.

"కాను."

"మరి ఆ రోజు మేమూ అడగలే," అన్నాడు. మంచి మనిషే. నా ఎదుటే టీచర్‌ను పిలిచి అన్ని తరగతుల గ్రూపుల్లో జాబితాలు తీయించాడు. గ్రూపులో నుంచి తీస్తే చూసినవాళ్ళ తలల్లో నుంచి పోదని ఇద్దరికీ తెలుసు. నేను అక్కడే కూర్చుని కాగితం రాసిచ్చాను. పదకొండు పేర్లు వరసగా రాసి, వీరికి నేను సంరక్షకురాలిని కాను, నా సంతకం వాపసు తీసుకుంటున్నాను అని. దానికి రశీదు అడిగి తీసుకున్నాను.

తర్వాత మూడు రోజులు పది ఇళ్ళకు తిరిగాను. ఒక్కో ఇంట్లో చెప్పింది ఒకటే. మీ పిల్ల కాగితం మీద నేను సంతకం పెట్టకూడదు, పెట్టాను, వెనక చదవలేదు, క్షమించండి. చాలామందికి నేను ఎందుకు వచ్చానో అర్థం కాలేదు. రెండో షిఫ్టుకు బయలుదేరుతున్న ఒకతను చెప్పులు తొడుక్కుంటూ నవ్వాడు. "నువ్వు పెట్టకపోతే ఎవలు పెడ్తరు రాజవ్వా? మాకు గవన్ని చదివే తీరుబడేది?"

"తీరుబడి చేసుకో బిడ్డా. గనిల నీ పేరు నేనెక్కిస్తే పైకొచ్చి నువ్వు చూసుకున్నవ్. పిల్లల పేరు ఎక్కిస్తే చూసుకునేటోళ్ళు లేకపాయె."

పదో ఇల్లు పద్మది. తలుపు తీయలేదు. గడప బయట నిలబడే చెప్పి వచ్చాను.

దసరా దాకా

అసలు భయం అప్పుడు మొదలైంది. సహస్ర దవాఖానకు రానంది.

"మళ్ల పరీక్ష చేస్తరు. మళ్ల ఎక్కన్నో రాస్తరు. మళ్ల అందరు చూస్తరు. నేను రాను."

గడ్డ ఉసిరికాయంత అయింది. కొలవనివ్వలేదు, కంటితో చెప్తున్నాను. రెండు చపాతీలు తినే పిల్ల ఒకదానితో లేచిపోయేది. భుజం ఎముకలు బట్టల్లోంచి తెలిసేవి. స్వరూప నాతో అవసరమైన మాటలే మాట్లాడేది. ఉప్పు అయిపోయింది. గ్యాస్ వచ్చింది. అంతే. తిరుపతి ఒక రోజు పనినుంచి వచ్చి, మొహం కూడా కడుక్కోకుండా, "ఎత్తుకోని పోత. నడువు," అని బిడ్డ చెయ్యి పట్టాడు.

స్వరూప అడ్డం నిలబడింది. "ఎత్తుకపోతే సూది పెట్టిచ్చుకుంటదా? చెయ్యి ఇడువు. దాన్ని అడగకుంట చేసిన కతనే గిదంతా."

ఆ మాట అతనికి కాదు, నాకు తగిలింది. అంతవరకు నా తప్పు తల్లిదండ్రుల సంతకం నేను పెట్టడమే అనుకున్నాను. పిల్లను అడగలేదన్నది నాకు తట్టనేలేదు.

బతుకమ్మ తొమ్మిది రోజులూ సందు చివర పాటలు వినబడుతుంటే ఆమె గదిలో కిటికీ మూసుకుని కూర్చుంది.

అక్టోబర్ 12, శనివారం, దసరా. సాయంత్రం మగవాళ్ళు జమ్మి తెచ్చాక ఇళ్ళలో అందరూ ఒకరికొకరు ఆ ఆకును బంగారమని చేతిలో పెట్టి, పెద్దల కాళ్ళు మొక్కుతారు. సహస్ర తల్లికి పెట్టింది, తండ్రికి పెట్టింది. నా దగ్గరికి వచ్చి చేతిలో ఆకు పెట్టి, కాళ్ళు మొక్కలేదు. నిలబడి చెప్పింది.

"దవాఖానకు వస్త. మూడు షరతులున్నయి. నువ్వు ఏ కాగితం మీద సంతకం పెట్టద్దు."

"పెట్టను."

"నేను లోపటికి పోతే నువ్వు బయట కూసోవాలె."

"కూసుంట."

"నా సంగతి నీ డైరీల ఒక్క అక్షరం రాయద్దు."

"రాయకుంటే మందుల లెక్క ఎట్ల బిడ్డా?"

"నాకు లెక్కలు రావా? నీ మనుమరాలినే గదా."

ఒప్పుకున్నాను. అప్పుడు వంగి కాళ్ళు మొక్కింది. ఇక్కడి నుంచి ఇందులో ఉన్న తేదీలన్నీ ఆమె తన నోటుబుక్కులో రాసుకుని నాకు చెప్పినవే.

అక్టోబర్ 14, సోమవారం, కరీంనగర్

స్వరూప, సహస్ర, నేను ఉదయం బస్సుకు వెళ్ళాం. చీటీ రాయించుకున్నది తొమ్మిదీ నలభైకి. లోపలికి పిలిచింది పన్నెండుకు. ఆ వసారాలో సిమెంటు బెంచీలు, మందుల వాసన, నంబర్ వినబడదేమోనని మెడలు చాచిన మనుషులు. ఎవరి దగ్గు వినబడ్డా సహస్ర తల దించుకునేది.

బల్ల దగ్గర కౌన్సెలర్ ఒక అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయేమో. ఫారం తీసి జరిపింది. అలవాటు నా చేతిని ముందుకు తోసింది. బల్ల మీది కలం నా వేళ్ళ మధ్యకు వచ్చేసింది. సహస్ర నా వేళ్ళలోంచి కలం తీసి తల్లికి ఇచ్చింది.

స్వరూప ముందు పేజీ చదివింది. వెనక పేజీ తిప్పి చదివింది. ఒక చోట వేలు పెట్టి, "ఇది అవసరమా?" అని అడిగింది. అక్కర్లేదంటే కొట్టేయవచ్చంది కౌన్సెలర్. కొట్టేసి పక్కన పొట్టి సంతకం చేసింది. అప్పుడు ఆ అమ్మాయి ఫారం పక్కకు పెట్టి సహస్ర వైపు తిరిగింది. "అమ్మ ఒప్పుకున్నది. నువ్వు ఒప్పుకుంటున్నవా చెల్లె? ఏం చేస్తమో చెప్త, విన్నాక చెప్పు."

నేను లేచి బయటికి వచ్చాను. తలుపు మూశారు.

నా పక్కన ధర్మపురి నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. నా వయసే. ఒడిలో సంచి, సంచిలో బత్తాయిలు.

"ఏమైందక్కా పిల్లకు?"

నలభై రోజుల కిందటైతే జూలై 9 నుంచి మొదలుపెట్టి మిల్లీమీటర్లతో సహా చెప్పేదాన్ని. "అది ఆమె సంగతి. ఆమెనడగాలె," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గంత మురుస్తవేందే! అడిగితే ఏమన్న ఎత్తుకపోతనా?"

"ఎత్తుకపోవు. నాకే చెప్పే హక్కు లేదట."

"హక్కా! మా ఇంట్ల నాకు పాలు పిండే హక్కు ఒక్కటే మిగిలింది," అని పకపక నవ్వి, బత్తాయి వలిచి సగం నా చేతిలో పెట్టింది. తర్వాత తన మోకాళ్ళ గురించి చెప్పింది, కోడలి గురించి చెప్పింది. సహస్ర మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ మర్యాదకు నేను ఆమెకు రుణపడి ఉన్నాను. పేరు అడగడం మరిచిపోయాను.

తలుపు తెరుచుకోవడానికి నలభై ఐదు నిమిషాలు పట్టింది. సహస్ర మెడకు చిన్న పట్టీ ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ నడక మామూలుగా ఉంది. లోపల ఏం మాట్లాడుకున్నారో, రక్తం తీసి ఏయే పరీక్షలకు పంపారో, వాటిలో ఏం తేలిందో, ఆమె తర్వాత తానుగా చెప్పింది తప్ప, నాకు ఇప్పటికీ తెలియదు.

కౌన్సెలర్ మాత్రం బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది. "అవ్వా, నీ మనుమరాలు అన్ని చెప్పింది. కోపానికి రాకు, ఒక మాట చెప్త," అని నెమ్మదిగా చెప్పింది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లకు పరీక్ష చేయాలంటే తల్లి గానీ తండ్రి గానీ ఒప్పుకోవాలి. వాళ్ళు లేని పిల్లలకే సంరక్షకులు. పక్కింటివాళ్ళు ఎంత మంచివాళ్ళయినా కారు. పరీక్షకు ఒప్పుకోవడం ఒకటి, ఫలితం ఇంకొకరికి చెప్పడానికి ఒప్పుకోవడం ఇంకొకటి. రెండింటినీ ఒకే సంతకం కింద పెడితే రెండోది కొట్టేయమని అడగవచ్చు. టీబీ అని తేలితే సర్కారు లెక్కలో ఎక్కించాలి, అది తప్పదు. అంతమాత్రాన బడిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

"గీ మాట సెప్టెంబర్ల చెప్పేటోళ్ళుంటే," అన్నాను.

"సెప్టెంబర్ల నువ్వు అడిగేదానివా అవ్వా?" అంది. అడిగేదాన్ని కాదు.

అక్టోబర్ 18 నుంచి ఏప్రిల్ 4

ఫలితం చెప్పడానికి ఎవరి నంబర్ ఇవ్వాలని అక్కడ సహస్రనే అడిగారట. తల్లిది ఇచ్చింది. శుక్రవారం ఫోన్ వచ్చాక తల్లీకూతుళ్ళు గదిలో పది నిమిషాలు ఉన్నారు. నేను వంటింట్లో బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరాను. తర్వాత సహస్ర తానే వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది.

"బాపమ్మా, టీబీనే. ఊపిరితిత్తుల లేదు, మెడ గడ్డల్నే ఉన్నది. ఎవ్వలకు అంటదట. ఆర్నెల్లు గోలీలు."

ఎవరికీ అంటదు. బెంచి ఖాళీ చేసిన పిల్లలకు గానీ, సీసా జరుపుకున్న పిల్లకు గానీ ఏ ప్రమాదమూ ఎన్నడూ లేదు.

ఇంట్లో అందరినీ పరీక్ష చేశారు. నాకూ ఛాతీ ఫొటో తీశారు. నా ఫారం నేను రెండు వైపులా చదివి, పదిహేను నిమిషాలు కిటికీ దగ్గర వరస ఆపి, సంతకం చేశాను. వెనకున్నాయన విసుక్కున్నాడు. అందరికీ బాగానే ఉంది.

అక్టోబర్ 19న మొదటి గోలీలు. మొదటి పది రోజులు పరగడుపున వేసుకోగానే వాంతి. ఆమె బాత్రూం తలుపు మూసుకుంటే బయట నేను, స్వరూప చెరో పక్క నిలబడేవాళ్ళం. అలా నిలబడి నిలబడి మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. మొదటి మాట ఆమెదే. "అత్తా, నువ్వు చాయ తాగినవా?"

నవంబర్ 6న బడికి వెళ్ళింది. డాక్టరు ఇచ్చిన చీటీలో ఒకటే వాక్యం, ఈ విద్యార్థిని బడికి హాజరు కావచ్చు అని. జబ్బు పేరు లేదు. ప్రిన్సిపాల్ కూడా జబ్బు పేరు అడగలేదు. ఆ రోజు హిందీ టీచర్ కుర్చీ వదిలేసి, సహస్ర పక్కన బెంచి మీద కూర్చుని పాఠం చెప్పిందట. రెండో రోజు ఆ చోట ఒక పిల్ల కూర్చుంది. అక్షిత కాదు. అక్షితను అప్పటికే కరీంనగర్‌లో హాస్టల్ బడిలో వేశారు.

డిసెంబర్‌లో గడ్డ తగ్గాల్సింది పోయి పెరిగింది. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరం అన్నం తక్కువ తిన్నాం. సహస్ర నా దగ్గరికి వచ్చి జుట్టు పక్కకు తీసి, "ముట్టి చూడు బాపమ్మా. పెద్దగైంది గదా?" అంది. ఆదివారాలు దారం పెట్టి నేనే కొలిచిన చోటు. ఈసారి ఆమె పిలిచాకే ముట్టాను. "అయ్యింది. నడువు, పోయి అడుగుదాం," అన్నాను. మందు పనిచేసేటప్పుడు కొందరికి మొదట అలా ఉబ్బుతుందని, మానవద్దని డాక్టరు చెప్పాడు. సంక్రాంతి నాటికి తగ్గడం మొదలైంది. మార్చిలో వేలికి తెలియకుండా పోయింది.

ఏప్రిల్ 4, శుక్రవారం. నూట అరవై ఎనిమిదో రోజు గోలీలు వేసుకుని, నోటుబుక్కులో చివరి గడి నింపి, నాకు చూపించింది. ఒక్క గడీ ఖాళీ లేదు. మస్టర్ గదిలో అంత శుభ్రమైన పుస్తకం నేను కూడా పెట్టలేదు. ఆ మాట ఆమెతో అన్నాను.

ఇది రాయడానికి ఆమెను అడిగాను. రాసింది ఇచ్చాను. రెండు చోట్ల కొట్టేసింది, కొట్టేసినవి తీసేశాను. అక్షిత సంగతి రాయాలంటే అక్షితనే అడగాలంది. పద్మ ఇప్పుడు వాకిట్లో ఎదురుపడితే మాట్లాడుతుంది. హాస్టల్‌కు ఫోన్ చేసి బిడ్డను అడిగింది. "రాయుమను. నాకు మాత్రం సూపెట్టద్దు," అందట అక్షిత.

చదివేవాళ్ళకు నేను చెప్పేది కొంచెమే. పిల్లల మెడలో గడ్డ రెండు వారాలు దాటితే కొలుస్తూ కూర్చోకండి, తీసుకువెళ్ళండి. తల్లికి దాచకండి. కాగితం వెనక్కి తిప్పండి. మీది కాని బిడ్డకు సంతకం పెట్టకండి, మీ బిడ్డయినా సరే ఒకసారి ఆ బిడ్డ మొహం చూసి పెట్టండి. టీబీ నయమవుతుంది. నా మనుమరాలికి నయమైంది. ఇప్పుడు తొమ్మిది చదువుతోంది, మూడు చపాతీలు తింటోంది.

పోయినవి రెండు లెక్కలుగా రాస్తున్నాను, ఒకదానిలో ఒకటి కలవకుండా.

జబ్బు వల్ల: బడి రోజులు తొమ్మిది. బరువు నాలుగున్నర కిలోలు, అవి తిరిగి వచ్చాయి.

నా సంతకం వల్ల: బడి రోజులు ఇరవై ఆరు. బతుకమ్మ తొమ్మిది రోజులు. జాబితా బయటపడ్డాక దవాఖాన గడప తొక్కడానికి పట్టిన రోజులు ఇరవై నాలుగు. అక్షితకు తన బడి, తన ఇల్లు. సహస్రకు అక్షిత.